కారవాన్‌లో నీటి ట్యాంకుల నిర్వహణ

కారవాన్ అనేది పడక, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి వంటి నివాస సౌకర్యాలు కలిగిన మోటారు వాహనం. దీనిని మోటారు హోమ్ అని కూడా అంటారు. ఇందులో మంచినీటికి ఒక ట్యాంకు, వాడిన నీటికి ఒకటి, మలజలానికి ఒకటి ఉంటాయి. ఈ ట్యాంకుల్లో నీటిమట్టం ఎంత ఉన్నదో ఎప్పటికప్పుడు తెలుసుకొంటూ, సకాలంలో నింపడం, ఖాళీ చెయ్యడం, శుభ్రపరచడం ట్యాంకుల నిర్వహణ కిందికి వస్తాయి.

ఇంటి మిద్దెమీది ట్యాంకు నిండితే నీరు పొర్లి వృథా అవుతుంది, అంతే. కారవాన్‌లో మురుగు ట్యాంకు నిండితే ఆ నీరు స్నానాలగది తూములోంచి వాహనం లోపలికే తిరిగి వస్తుంది. అందువల్ల మంచినీరు ఎంత మిగిలి ఉన్నదో చూసుకోవడం కంటే మురుగు ఎంత చేరినదో చూసుకోవడమే ఇక్కడ ముఖ్యమైన విషయం.

నేపథ్యం

తెలుగునాట "కారవాన్" అనే మాట ఎక్కువగా సినిమా రంగం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. షూటింగు జరిగే చోట నటీనటులు విశ్రాంతి తీసుకోవడానికి, దుస్తులు మార్చుకోవడానికి, అలంకరణకు వాడే వాహనాన్ని ఆ పేరుతో పిలుస్తారు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం శాసనసభ నియోజకవర్గ పరిధిలో, విజయవాడ రహదారి పక్కన, 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. చిత్ర నిర్మాణ కేంద్రాల చుట్టూ ఇటువంటి వాహనాల వాడకం ఎక్కువ.

వాహనంలోనే నివసిస్తూ రాష్ట్రమంతా తిరగడం తెలుగువారికి కొత్త కాదు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు, షెవర్లే వ్యానును ప్రచారానికి అనువుగా మార్పించి, దానికి "చైతన్య రథం" అని పేరు పెట్టి రాష్ట్రవ్యాప్తంగా పర్యటించాడు. తరువాతి కాలంలో నాయకుల యాత్రలకు పడక, మరుగుదొడ్డి ఉన్న బస్సులు వాడుకలోకి వచ్చాయి. పర్యాటక రంగంలో కేరళ ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. భారతదేశంలో మోటారు కారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ఉంది.

ట్యాంకుల రకాలు

మంచినీటి ట్యాంకు: స్నానానికి, వంటకు, చేతులు కడుక్కోవడానికి వాడే నీరు ఇందులో ఉంటుంది. సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసే చిన్న పంపు ఈ నీటిని కుళాయిలకు పంపుతుంది. కుళాయి తెరవగానే గొట్టంలో పీడనం తగ్గి పంపు దానంతట అదే నడుస్తుంది. కుళాయిలన్నీ కట్టి ఉన్నప్పటికీ పంపు అప్పుడప్పుడు కొద్దిసేపు తిరుగుతూ ఉంటే, ఎక్కడో నీరు కారుతున్నదని అనుమానించాలి.

వాడుకనీటి ట్యాంకు: స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు ఇందులోకి చేరుతాయి. సబ్బు, నూనె, అన్నం మెతుకులు దీని ప్రధాన సమస్యలు.

మలజల ట్యాంకు: మరుగుదొడ్డి నుండి వచ్చే మలమూత్రాలు, నీరు ఇందులో చేరుతాయి. చిన్న వాహనాల్లో దీనికి బదులు బయటకు తీసి మోసుకుపోగల పెట్టె ఉంటుంది.

చెరువు నీటిని కనిపెట్టి ఉండే నీరటికాడు కట్ట మీద నిలబడి వాగు ద్వారా ఎంత వస్తున్నది, తూము ద్వారా ఎంత పోతున్నది, అలుగుకు ఇంకెంత దూరముంది అని చూస్తాడు. కారవాన్‌లోనూ చూడవలసినవి ఆ మూడే. అయితే ఇక్కడ మంచినీటి ట్యాంకుకు తూము అయినది మురుగు ట్యాంకులకు వాగు అవుతుంది.

నీటి వాడకం లెక్క

మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీటి సరఫరా ఉండాలని భారతదేశంలో పట్టణ నీటి పథకాల రూపకల్పనకు ప్రమాణంగా తీసుకొంటారు. కారవాన్‌లో అంత నీరు వాడడం సాధ్యం కాదు. పొదుపుగా వాడే మనిషికి రోజుకు అయ్యే నీటిని ఈ విధంగా అంచనా వేయవచ్చు:

- బకెట్ స్నానం: 15 లీటర్లు
- ముఖం, చేతులు, పళ్ళు: 5 లీటర్లు
- వంట, గిన్నెలు: 5 లీటర్లు
- మరుగుదొడ్డి: 10 లీటర్లు
- మొత్తం: 35 లీటర్లు

తాగే నీటిని వేరుగా క్యాన్లలో తీసుకుపోతారని ఇక్కడ భావించడమైనది.

మరుగుదొడ్డి లెక్కలో ఒక విశేషం ఉంది. పాశ్చాత్య దేశాల్లో తయారైన కారవాన్ల పుస్తకాలు కాగితం వాడేవారిని దృష్టిలో ఉంచుకొని, ఒక్కసారికి లీటరు లేదా అంతకంటే తక్కువ నీరు సరిపోతుందని లెక్క వేస్తాయి. మనవాళ్ళు నీటితో శుభ్రం చేసుకొంటారు కాబట్టి ఒక్కసారికి రెండు మూడు లీటర్లు అవుతుంది. కాబట్టి ఆ పుస్తకాల్లో చెప్పిన దానికంటే మలజల ట్యాంకు ఇక్కడ త్వరగా నిండుతుంది. దీనివల్ల మేలు కూడా లేకపోలేదు. కాగితం తక్కువ, నీరు ఎక్కువ కావడంతో ట్యాంకు అడుగున గట్టి పదార్థం పేరుకోవడం తగ్గుతుంది.

ఉదాహరణకు నలుగురు సభ్యుల కుటుంబం హైదరాబాదు నుండి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్‌కు రెండు రోజుల ప్రయాణం పెట్టుకొన్నదనుకొందాం. వాహనంలో మంచినీరు 200 లీటర్లు, వాడుకనీటి ట్యాంకు 100 లీటర్లు, మలజల ట్యాంకు 80 లీటర్లు ఉన్నాయనుకొందాం.

- మంచినీటి వాడకం రోజుకు 4 × 35 = 140 లీటర్లు.
- వాడుకనీటి ట్యాంకులో చేరేది రోజుకు 4 × 25 = 100 లీటర్లు.
- మలజల ట్యాంకులో చేరేది, మనిషికి లీటరున్నర మలమూత్రాలు కలుపుకొని, రోజుకు 4 × 11.5 = 46 లీటర్లు.

మొదటిరోజు రాత్రికి మంచినీరు ఇంకా 60 లీటర్లు మిగిలి ఉంటుంది. కాని వాడుకనీటి ట్యాంకు అప్పటికే నిండిపోయింది. మలజల ట్యాంకు సగం దాటింది. మంచినీటి ముల్లు ఒక్కటే చూసుకొన్నవారికి ఇంకా నీరు ఉన్నదనే ధైర్యం ఉంటుంది. ప్రయాణం ఆగేది మాత్రం నీరు లేక కాదు, మురుగుకు చోటు లేక. దారిలో నీటి ట్యాంకరును పిలిపించి మంచినీరు నింపుకోవచ్చు. మురుగు దింపే చోటు అంత సులభంగా దొరకదు. కాబట్టి ప్రయాణానికి ముందే మురుగు ట్యాంకుల పరిమాణాన్ని బట్టి స్నానాలు, బసలు నిర్ణయించుకోవాలి. పై ఉదాహరణలో స్నానాలు మాత్రం బస చేసిన చోట ముగించుకొంటే వాడుకనీరు రోజుకు 40 లీటర్లకు తగ్గి, ట్యాంకు రెండు రోజులకు సరిపోతుంది.

మట్టం కొలిచే పద్ధతులు

గాజు గొట్టం పద్ధతి: ట్యాంకు అడుగుకు, పైభాగానికి కలిపిన పారదర్శకమైన గొట్టంలో నీరు ట్యాంకులో ఉన్న ఎత్తుకే నిలుస్తుంది. ఒకదానితో ఒకటి కలిసిన పాత్రల్లో ద్రవం ఒకే మట్టంలో ఉంటుందని పాఠశాలలో చదివే సూత్రమే దీనికి ఆధారం. విద్యుత్తు అవసరం లేదు. మంచినీటికి చక్కగా పనికి వస్తుంది. మురుగుకు పనికిరాదు, గొట్టం పూడుకుపోతుంది.

బెండు పద్ధతి: నీటిపై తేలే బెండులో అయస్కాంతం ఉంటుంది. అది పైకి, కిందికి కదిలినప్పుడు కడ్డీలోని చిన్న స్విచ్చులు ఒకదాని తరువాత ఒకటి కలుస్తాయి. మలజల ట్యాంకులో బెండుకు చెత్త చుట్టుకొని కదలకుండా పోతుంది.

కడ్డీ పద్ధతి: ట్యాంకు గోడకు మూడో వంతు, రెండు వంతులు, నిండు మట్టాల వద్ద లోహపు మేకులు బిగిస్తారు. నీటిలో కరిగిన లవణాల వల్ల దాని గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. నీరు తాకిన మేకు వరకు దీపాలు వెలుగుతాయి. చౌక కావడం వల్ల ఇది ఎక్కువ వాహనాల్లో కనిపిస్తుంది. సబ్బు జిడ్డు, మలం గోడకు అంటుకొంటే ఖాళీ ట్యాంకు కూడా నిండుగా ఉన్నట్లు చూపించడం దీని లోపం.

ధారితా పద్ధతి: రేకుపట్టీలను ట్యాంకు బయటి గోడకు అంటిస్తారు. గోడకు అవతల గాలి ఉన్నదా, నీరు ఉన్నదా అన్నదాన్ని బట్టి వాటి విద్యుత్ ధారిత మారుతుంది కాబట్టి మట్టం తెలుస్తుంది. మురుగును తాకదు కనుక మన్నిక ఎక్కువ. ప్లాస్టిక్ ట్యాంకులకు మాత్రమే పనికి వస్తుంది. లోపలి గోడకు మందపాటి పొర పట్టితే ఇది కూడా పొరబడుతుంది.

అతిధ్వని పద్ధతి: ట్యాంకు పైకప్పు నుండి మానవ చెవికి వినపడని ధ్వనిని పంపి, నీటి ఉపరితలం నుండి ప్రతిధ్వని రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తారు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల వద్ద సుమారు 355 మీటర్లు. ఉష్ణోగ్రతకు తగిన సవరణ లేని పరికరం మన వేసవిలో 20 సెం.మీ. ఖాళీని 19.3 సెం.మీ.గా చూపుతుంది, అంటే నీరు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. సబ్బు నురుగు ధ్వనిని పీల్చుకొంటుంది కాబట్టి వాడుకనీటి ట్యాంకులో ఈ కొలతను పూర్తిగా నమ్మరాదు.

పీడన పద్ధతి: ట్యాంకు అడుగున నీటి పీడనాన్ని కొలుస్తారు. ప్రతి సెంటీమీటరు నీటికి సుమారు 98 పాస్కల్‌ల పీడనం ఉంటుంది. 40 సెం.మీ. లోతున్న నిండు ట్యాంకు అడుగున పీడనం 3.9 కిలోపాస్కల్‌లు. ట్యాంకు ఆకారం ఎలా ఉన్నప్పటికీ ఈ పద్ధతి నీటి ఎత్తును సరిగ్గా చెబుతుంది.

కొలతలో వచ్చే దోషాలు

వాహనం వాలు: పొడవు 100, వెడల్పు 50, ఎత్తు 40 సెంటీమీటర్లు ఉన్న ట్యాంకు 200 లీటర్లు పడుతుంది. ఇందులో ఒక్కొక్క సెంటీమీటరుకు 5 లీటర్లు. వాహనం పొడవున 3 డిగ్రీల వాలులో నిలిపితే ట్యాంకు రెండు చివరల మధ్య నీటి ఎత్తులో సుమారు 5.2 సెం.మీ. తేడా వస్తుంది. కొలిచే పరికరం ఒక చివర ఉంటే 2.6 సెం.మీ., అనగా 13 లీటర్లు, తప్పు చూపుతుంది. అది దాదాపు ఒక మనిషి స్నానపు నీరు. కనుక తాపీమేస్త్రీలు వాడే రసమట్టం వంటి దానితో వాహనం సమతలంగా ఉన్నదని చూసుకొని మట్టం చదవాలి.

ట్యాంకు ఆకారం: చక్రాల పైభాగంలోనో, సీటు కిందనో ఇమడడానికి ట్యాంకులను వంకరగా తయారు చేస్తారు. అటువంటి ట్యాంకులో ముల్లు సగం చూపితే నీరు సగం ఉన్నట్లు కాదు.

ఉప్పు పేరుకోవడం: ఇబ్రహీంపట్నం, దానిని ఆనుకొని ఉన్న నల్లగొండ జిల్లా ప్రాంతాల్లో బోరునీరు చాలాచోట్ల కఠినజలం. ఆ నీరు నింపితే మేకులపై తెల్లని సున్నపు పొర ఏర్పడి కొలత చెడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిని కొన్ని గంటలు ట్యాంకులో ఉంచి కడిగితే ఈ పొర కరిగిపోతుంది.

క్యాన్లతో కొలతపట్టీ తయారీ

ఏ పరికరమున్నప్పటికీ దానిని ఒకసారి సరిచూసుకోవాలి. దీనికి ఊరూరా దొరికే 20 లీటర్ల మంచినీటి క్యాను చాలు. వాహనాన్ని సమతలంలో నిలిపి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఒక్కొక్క క్యాను నీరు పోస్తూ ప్రతిసారీ పరికరం చూపే అంకెను రాసుకోవాలి. పది క్యాన్లతో 200 లీటర్ల ట్యాంకుకు పట్టిక సిద్ధమవుతుంది. వంకర ట్యాంకుకు కూడా ఈ పట్టిక సరైన లెక్క చెబుతుంది. మురుగు ట్యాంకులకు కొత్తగా ఉన్నప్పుడే, లేదా బాగా కడిగిన తరువాత, మంచినీటితో ఈ పని చెయ్యాలి.

జమాఖర్చుల పద్ధతి

మూడు ట్యాంకుల అంకెలను రోజుకు రెండుసార్లు ఒక పుస్తకంలో రాసుకోవడం అన్ని పరికరాలకంటే నమ్మకమైన పద్ధతి. మంచినీటి ట్యాంకులో తగ్గిన నీరు, వంటలో ఖర్చయిన కొద్దిపాటి నీరు పోగా, మిగతా రెండు ట్యాంకుల్లో ఎక్కడో ఒకచోట కనిపించాలి. మంచినీరు 60 లీటర్లు తగ్గి, మురుగు ట్యాంకులు రెండూ కలిపి 40 లీటర్లే పెరిగితే, 20 లీటర్లు కారిపోయి ఉండాలి, లేదా ఒక పరికరం తప్పు చూపుతుండాలి. వాడకం లేని రాత్రివేళ అంకె మారితే అది నీరు కారడమేనని చెప్పవచ్చు.

బరువు, భద్రత

ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. 200 లీటర్ల ట్యాంకు నిండితే ముగ్గురు పెద్దవాళ్ళ బరువు అదనంగా మోసినట్లు అవుతుంది. వాహనానికి అనుమతించిన మొత్తం బరువులో నీటిని కూడా కలుపుకోవాలి. నిండు ట్యాంకులోని నీరు కదలదు. సగం నిండిన ట్యాంకులోని నీరు బ్రేకు వేసినప్పుడు ముందుకు, మలుపుల్లో పక్కకు ఊగి వాహనాన్ని నెడుతుంది. దీనిని తగ్గించడానికి పెద్ద ట్యాంకుల లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు అమరుస్తారు.

మంచినీటి నాణ్యత

ఎండలో నిలిచిన వాహనంలోని ట్యాంకులో నీరు వెచ్చబడి సూక్ష్మజీవులు పెరగడానికి అనువుగా ఉంటుంది. చాలాకాలం వాడని ట్యాంకును శుద్ధి చెయ్యడానికి, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని 100 లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్ల చొప్పున కలపాలి. అప్పుడు క్లోరిన్ లీటరుకు 50 మిల్లీగ్రాములు అవుతుంది. ఆ నీటిని అన్ని కుళాయిల్లోనూ వచ్చేవరకు వదిలి, నాలుగు గంటలు ఉంచి, పూర్తిగా పారబోసి, మంచినీటితో వాసన పోయేవరకు కడగాలి. క్లోరిన్ ద్రావణాన్ని నిమ్మ ఉప్పుతో గాని, ఏ ఆమ్లంతో గాని కలపరాదు. కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

బోరునీటిలో ఫ్లోరైడు ఉంటే దానిని క్లోరిన్ గాని, మరిగించడం గాని తొలగించలేవు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతుంది. అందువల్ల తాగడానికి, వంటకు ట్యాంకు నీటిని కాక పరీక్షించిన నీటిని వేరుగా ఉంచుకోవడం మేలు.

ట్యాంకు గాలి గొట్టానికి సన్నని జాలీ బిగించాలి. డెంగ్యూను వ్యాపింపజేసే దోమ నిలవనీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పదిరోజులు చాలు. వాడని వాహనంలో నీటిని ఉంచరాదు.

మలజల ట్యాంకు

ఈ ట్యాంకు బయటి కవాటాన్ని ఎప్పుడూ మూసి ఉంచాలి. తెరిచి ఉంచితే నీరు కారిపోయి, గట్టి పదార్థం అడుగున గుట్టగా పేరుకొంటుంది. మూడింట రెండు వంతులు నిండినప్పుడు ఖాళీ చేస్తే ప్రవాహానికి తగినంత వేగం ఉండి ట్యాంకు శుభ్రంగా దిగుతుంది. ఆ తరువాత కొన్ని లీటర్ల నీరు పోసి ఉంచాలి. ముందు మలజలాన్ని, వెనుక వాడుకనీటిని వదిలితే సబ్బునీరు గొట్టాన్ని కడుగుతుంది. మంచినీరు నింపే గొట్టాన్ని ఈ పనికి ఎన్నడూ వాడరాదు.

గాలి తగలని మలజలంలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది కనుక అడుగున నిలుస్తుంది. తక్కువ మోతాదులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయింది కదా అని ప్రమాదం పోయినట్లు కాదు. మట్టం చూపే పరికరం చెడితే ట్యాంకు మూతలో తల పెట్టి చూడడం, అగ్గిపుల్ల వెలిగించి చూడడం ప్రాణాపాయం.

మురుగు దింపే చోటు, చట్టాలు

అమెరికా, ఐరోపా దేశాల్లో కారవాన్లు ఆగే మైదానాల్లో మురుగు దింపుకోవడానికి ప్రత్యేక స్థలాలు ఉంటాయి. భారతదేశంలో అవి అరుదు. భారతీయ రైల్వేలలో సైతం చాలాకాలం మలజలం పట్టాలపైనే పడేది. రక్షణ పరిశోధన సంస్థతో కలిసి రూపొందించిన జీవ మరుగుదొడ్లు పెట్టెల్లో అమర్చిన తరువాతనే ఈ పరిస్థితి మారింది.

కారవాన్ మురుగును మురుగుశుద్ధి కేంద్రానికి గాని, మల వ్యర్థాల శుద్ధి కేంద్రానికి గాని చేర్చాలి. అది వీలుకానప్పుడు, యజమాని అనుమతితో సక్రమంగా కట్టిన సెప్టిక్ ట్యాంకులోకి దింపవచ్చు, లేదా పురపాలక సంఘం అనుమతి ఉన్న పీల్చే యంత్రపు లారీని పిలిపించవచ్చు. ట్యాంకుల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్న రసాయనాలు పోస్తే శుద్ధి కేంద్రంలో మలినాలను తినే సూక్ష్మజీవులు చనిపోతాయి. అందువల్ల అటువంటివి వాడరాదు.

1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం వాగుల్లోకి, బావుల్లోకి, నేలమీదికి కాలుష్య పదార్థాలను వదలడం నిషిద్ధం. ఇబ్రహీంపట్నం వంటి ప్రాంతాల్లో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై ఊరి కాలువలో వదిలిన మురుగు వానకు కొట్టుకొని కింది చెరువుకు చేరుతుంది. అక్కడి నుండి ఊరి బోర్లలోకి ఇంకుతుంది. రాత్రిపూట రోడ్డు పక్కన కవాటం తిప్పిన వాహనం తెల్లవారేసరికి వెళ్ళిపోతుంది, ఆ నీరు తాగేవారు మాత్రం అక్కడే ఉంటారు.

ట్యాంకు పూడుకుపోతే దానిని శుభ్రం చెయ్యడానికి మనిషిని చేతులతో దించరాదు. పాకీపని నిషేధ, పునరావాస చట్టం 2013లో వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుషులతో శుభ్రం చేయించడాన్ని ఈ చట్టం నిషేధిస్తుంది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో మురుగు పనిలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023లో మరొక కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ ఉద్యమానికి నాయకత్వం వహించి 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందిన బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు కుటుంబంలో పుట్టాడు.

కారవాన్ ట్యాంకు చిన్నది, మనిషి దిగేంత ఉండదు. అయినప్పటికీ దానిని చివరకు శుభ్రం చేసేది ఒక మనిషే. సకాలంలో మట్టం చూసుకొని, ట్యాంకు పూడుకుపోకముందే యంత్రంతో ఖాళీ చేయిస్తే ఎవరూ చేతులు పెట్టవలసిన అవసరం రాదు. ఖాళీ చేసేవారు చేతితొడుగులు, కళ్ళద్దాలు ధరించి, గాలి వీచే దిశను చూసుకొని నిలబడి, పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇవి కూడా చూడండి

- ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా
- రామోజీ ఫిల్మ్ సిటీ
- చెరువు
- ఫ్లోరోసిస్
- బెజవాడ విల్సన్